పదమూడో కుర్చీ

ఒక స్నేహితురాలి కూతురు వేసవి సంగీత శిబిరం నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. వచ్చిన రోజు మూలన పెట్టిన క్లారినెట్ పెట్టె మళ్లీ తెరవలేదట. “నా మాట వినడం లేదు, నువ్వొకసారి మాట్లాడు” అని వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆ పిల్లకి 13 ఏళ్లు. మూడేళ్లుగా నేర్చుకుంటోంది. శిబిరానికి బయల్దేరే ముందు నాకు ఫోన్ చేసి, ఏ రీడ్లు (క్లారినెట్ ఊదే చోట బిగించే పల్చటి రెల్లు ముక్కలు) పట్టుకెళ్లాలి, ఎన్ని పట్టుకెళ్లాలి అని అడిగి మరీ రాసుకుంది. రెండున్నర నంబరువి నాలుగు చాలన్నాను. అంత ఉత్సాహంగా వెళ్లిన పిల్ల ఇప్పుడు ఫోన్ అందుకుని ఒకటే మాట చెప్పింది: “నన్ను థర్డ్ క్లారినెట్‌లో వేశారు పిన్నీ. పద్దెనిమిది మందిలో నాది పదహారు.”

రెండు వారాల్లో ఏం వాయించారో, ఎవరితో స్నేహం కుదిరిందో, కండక్టర్ ఎలాంటివారో ఏమీ చెప్పలేదు. అక్కణ్నుంచి ఆ అంకె ఒక్కటే ఇంటికి తెచ్చుకుంది.

అదే వయసులో, అలాంటి శిబిరంలోనే, నాకూ ఒక అంకె ఇచ్చారు. పద్నాలుగు మందిలో పదమూడు. తర్వాత చాలా ఏళ్లకి ఇంకో శిబిరంలో క్లారినెట్ పిల్లలకి నేర్పడానికి వెళ్లి, అలాంటి అంకెలు ఇచ్చే వైపు కూడా నిలబడ్డాను. రెండు వైపులా చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: పిల్లల శిబిరంలో మొదటి రోజు ఆడిషన్ పెట్టి, వరుసగా నంబర్లు వేసి, ఆ కుర్చీల్లోనే ఆఖరి రోజు దాకా కూర్చోబెట్టడం తప్పు. ఆడిషన్ పెట్టడం తప్పంటం లేదు. ఆ వరుసని గోడకి అంటించి, దాన్ని కదపకుండా ఉంచడం తప్పంటున్నాను. ఇది ఇంత తేలిగ్గా తేలే విషయం కాదని కూడా తెలుసు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ రెండు నిమిషాలు

శిబిరానికి చేరిన రాత్రి పిల్లలందరం ఒకరినొకరం అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు. “నీ రీడ్ ఎంత?” అని. కొందరిది రెండు, ఎక్కువమందిది రెండున్నర, ఇద్దరు ముగ్గురిది మూడు. మూడు అన్నవాళ్లని మిగతావాళ్లం వేరేగా చూశాం. నిజానికి ఆ నంబరు చెప్పేది రీడ్ ఎంత గట్టిగా ఉందన్నది మాత్రమే. మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) మూతి ఎక్కువ తెరుచుకుని ఉంటే మెత్తటి రీడ్ పడుతుంది, తక్కువ తెరుచుకుని ఉంటే గట్టిది పడుతుంది. కాళ్ల సైజుని బట్టి చెప్పుల నంబరు ఉన్నట్టే. పెద్ద నంబరు చెప్పులేసుకున్నవాడు గొప్పగా నడుస్తాడని ఎవరూ అనుకోరు కదా. కానీ 13 ఏళ్ల వయసులో, తెలియని చోట, తెలియని పిల్లల మధ్య, ఎవరెంతో తేల్చుకోడానికి ఏ అంకె దొరికినా పట్టుకుంటాం.

నా పెట్టెలో ఒక మూడో నంబరు రీడ్ ఉంది. మా గురువుగారు “ఇది ఇప్పుడే వద్దు, దాచుకో” అని ఇచ్చింది. మర్నాడు ఆడిషన్‌కి దాన్నే బిగించుకుని వెళ్లాను.

కొత్త రీడ్‌ని అలా బిగించి వాయించకూడదు. అది ఎండబెట్టి చెక్కిన ఒక రకం రెల్లు ముక్క. తడిసినప్పుడల్లా ఉబ్బుతుంది, ఆరినప్పుడల్లా ముడుచుకుంటుంది. రోజుకి నాలుగైదు నిమిషాల చొప్పున కొన్ని రోజులు వాయిస్తే కుదురుకుంటుంది. నేనేమో చల్లటి గదిలోంచి తీసి, ఉక్కపోతగా ఉన్న హాల్లో, పరదా ముందు నిలబడి, తొలిసారి వాయించాను. పరదా వెనక ఎవరున్నారో తెలియదు. స్కేల్ వాయించమన్నారు. కింది స్వరాలు గాలితో కలిసి బొంగురుగా వచ్చాయి. అక్కణ్నుంచి మెల్లగా పైకి ఎక్కి, క్లారినెట్ నేర్చుకునే ప్రతి పిల్లా భయపడే చోటికి వచ్చాను.

దాన్ని బ్రేక్ అంటారు. క్లారినెట్ వాయించనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఫ్లూట్‌లో గాలి మార్చి ఊదితే అదే వేళ్ల పట్టుతో పై స్థాయి స్వరం వస్తుంది. మధ్య స్థాయి ‘స’ పట్టుకుంటే తార స్థాయి ‘స’ వస్తుందన్నమాట. క్లారినెట్ అలా కాదు. ఒక వైపు మూసుకున్నట్టు పనిచేసే, లోపల ఒకే వెడల్పున్న గొట్టం కాబట్టి, రిజిస్టర్ కీ (పై స్థాయికి తీసుకెళ్లే మీట) నొక్కితే ‘స’ పట్టు మీద తార స్థాయి ‘ప’ పలుకుతుంది. ఒక స్థాయి దాటి ఇంకో అయిదు స్వరాలు. ఆ ఖాళీని నింపడానికే ఇన్ని రంధ్రాలు, ఇన్ని కీలు. ఆ రెండు అంతస్తులు కలిసే చోట, ఒకే ఒక్క వేలితో పలికే (పాశ్చాత్య స్వరాల పేర్లలో) ‘ఏ’ నుంచి, ఎనిమిది వేళ్లు ఒక్కసారిగా మూయాల్సిన ‘బీ’కి దూకాలి. ఒక్క వేలి కింద వెంట్రుక మందాన గాలి తప్పించుకున్నా కీచుమంటుంది.

నాకు కీచుమంది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ కీచుమంది. మూడోసారి అసలు శబ్దమే రాలేదు, ఉత్త గాలి. పరదా వెనక నుంచి మర్యాదగానే “చాలమ్మా, థాంక్యూ” అన్నారు. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

సాయంత్రానికి గోడ మీద కాగితం అంటించారు. పద్నాలుగు పేర్లు. కింది నుంచి చదవడం మొదలుపెట్టాను కాబట్టి నా పేరు వెతుక్కోడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

ఇక్కడ ఒక మాట అనాలి. ఆ రెండు నిమిషాల్లో నేను వాయించింది బాగా లేదు. విన్నవాళ్లు అన్యాయం చెయ్యలేదు. ఆ క్షణానికి నాది పదమూడే కావచ్చు, పద్నాలుగైనా కావచ్చు. నా అభ్యంతరం ఆ తీర్పు మీద కాదు. రెండు నిమిషాల తీర్పుని రెండు వారాలు నడిపించడం మీద.

థర్డ్ పార్ట్‌లో ఏముంది

బ్యాండ్‌లో క్లారినెట్లని ఒకటి, రెండు, మూడు భాగాలుగా విడదీస్తారు. ఫస్ట్ క్లారినెట్‌కి పాట ఉంటుంది, పై స్వరాలుంటాయి, సోలో ఉంటే వాళ్లకే వస్తుంది. థర్డ్ క్లారినెట్‌కి ఎక్కువగా కింది స్వరాలు, పొడుగ్గా పట్టుకునే స్వరాలు, మధ్యమధ్యలో చాలా విరామం. కాగితం చూస్తే సగం ఖాళీగా కనిపిస్తుంది. మొదటి రిహార్సల్‌లో ఆ కాగితం చూసి నాకు ఏడుపొచ్చింది. పద్నాలుగో కుర్చీలో ఉన్న అమ్మాయి నా మోచెయ్యి తట్టి, “పదిహేడు బార్లు ఖాళీ. నేను లెక్కపెడతాను, నువ్వు కంగారుపడకు” అంది. బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది. తను నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదే అయింది. కానీ లెక్క తప్పేది కాదు. ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

మూడో రోజు ఒక విషయం జరిగింది. నెమ్మదిగా నడిచే ఒక పాటలో, మధ్యలో పెద్ద కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి పలికేది) దగ్గర కండక్టర్ చెయ్యి పైకెత్తి అందర్నీ ఆపేశారు. ఫ్లూట్లని, ట్రంపెట్లని, ఫస్ట్ క్లారినెట్లని ఊరుకోమన్నారు. ట్యూబా, బాస్ క్లారినెట్, థర్డ్ క్లారినెట్లు మాత్రం వాయించమన్నారు. మేం వాయించాం. “మీరిప్పుడు పట్టుకున్న స్వరం మీ అయిదుగురి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని కొంచెం, చాలా కొంచెం, కిందికి దించండి” అన్నారు.

అది ఆ కార్డ్‌లో మధ్య స్వరం. మన లెక్కలో అంతర గాంధారం. పియానోకి శ్రుతి చేసినట్టు సమానంగా పంచితే ఆ గాంధారం కాస్త ఎక్కువ ఎత్తులో కూర్చుంటుంది. ఆధార స్వరంతో పూర్తిగా కలవాలంటే సుమారు 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో ఏడో వంతు, కిందికి రావాలి. ఆ లెక్క నాకప్పుడు తెలియదు. కింది పెదవి పట్టు రవ్వంత సడలించాను. పక్కనున్న అమ్మాయి కూడా సడలించింది. అప్పటిదాకా స్వరాల మధ్య ఏదో కొట్టుకుంటున్నట్టు, వణుకుతున్నట్టు ఉన్నది ఒక్కసారిగా ఆగిపోయింది. కార్డ్ నిలబడింది. నా పళ్ల మీదుగా, తలలో, బొటనవేలి కింద ఉన్న చెక్కలో కూడా అది తెలిసింది. కండక్టర్ ఏమీ అనలేదు. కళ్లు మూసుకుని కొంచెం ఎక్కువసేపు మమ్మల్ని అలాగే పట్టుకోమని చెయ్యి చాపి ఉంచారు.

ఆ తర్వాత మిగతా శిబిరమంతా నాకు వేరేగా గడిచింది. మధ్యాహ్నానికి హాలు వేడెక్కి అందరి శ్రుతీ పైకి పోతుంటే, బారెల్‌ని (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టాన్ని) మిల్లీమీటరు బయటికి లాగి సరిచేసుకోవడం నేర్చుకున్నాను. నా ఎడమ పక్కన బాస్సూన్ అనే పొడుగాటి ఊదే వాద్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో విని, మేం అక్కడ తీసుకోకుండా ఉండటం నేర్చుకున్నాను. ఒక్కదాన్నే గదిలో కూర్చుని మూడేళ్లు సాధన చేస్తే రానిది, చుట్టూ యాభై మంది ఊదుతుంటే మధ్యలో కూర్చుని పదిరోజుల్లో వచ్చింది: వాయిస్తూ వినడం. శిబిరం ఇవ్వగలిగింది అదే. మిగతావి ఇంటి దగ్గర గురువు కూడా ఇస్తారు.

ఆ కింది స్వరాల మీద ప్రేమ నాకు అప్పుడే మొదలైంది. తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆ ప్రేమ నాకు ముందు చాలామందికి ఉందని. ఆ స్థాయికి షాలుమో అని పేరు. క్లారినెట్‌కి ముందున్న చిన్న వాద్యం పేరే అది. దాన్ని మెరుగు పరిచి 1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ క్లారినెట్‌ని తయారుచేశాడని చెప్తారు. మొజార్ట్ 1791లో క్లారినెట్ కన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి క్లారినెట్ ముందుండి వాయించే రచన) రాసింది అంటోన్ శ్టాడ్లర్ కోసం. వియన్నా ఆస్థానంలో శ్టాడ్లర్ అన్నదమ్ములిద్దరూ క్లారినెట్ వాయించేవారు. అందులో అంటోన్ వాయించింది రెండో భాగం. కింది స్వరాలంటే అతనికి ఎంత ఇష్టమంటే, మామూలు క్లారినెట్ కంటే ఇంకో నాలుగు అర్ధస్వరాలు కిందికి దిగే వాద్యం కావాలనుకున్నాడు. ఆ వాద్యం కోసమే ఆ కన్‌చెర్టో పుట్టింది. క్లారినెట్‌వాళ్లందరం తలమీద పెట్టుకునే రచన సెకండ్ క్లారినెట్ వాయించే మనిషి కోసం రాసింది. ఈ సంగతి నాకు 13 ఏళ్లప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మొదటి కుర్చీ

మొదటి కుర్చీలో ఉన్న అబ్బాయి మాకంటే ఏడాది పెద్ద. వాడి వేళ్లు చూస్తుంటే ఆశ్చర్యంగా ఉండేది. రెండో వారంలో ఒక రాత్రి నేను హాల్లో మర్చిపోయిన క్లీనింగ్ గుడ్డ కోసం వెళ్తే, సాధన గదిలో లైటు వెలుగుతోంది. వాడే. సోలోలో ఉన్న నాలుగు బార్లే మళ్లీ మళ్లీ వాయిస్తున్నాడు. నన్ను చూసి ఆపాడు. కింది పెదవి లోపల పంటి గాట్లు పడి వాచిపోయింది. మౌత్‌పీస్ కింద ఆనే చోట పెదవి పళ్ల మీదికి మడుచుకుంటుంది కదా, రోజుకి అయిదారు గంటలు పై స్వరాలు వాయిస్తే అలాగే అవుతుంది. పళ్ల మీద కాగితం మడిచి పెట్టుకుని వాయిస్తున్నాడు.

“రేపు మానెయ్యొచ్చుగా, సెకండ్‌లో ఎవరైనా వాయిస్తారు” అన్నాను.

“నేను తప్పుకుంటే రెండో కుర్చీవాడు ఇక్కడికొస్తాడు. తర్వాత నాకిది రాదు” అన్నాడు. కాసేపాగి, “నీకు బానే ఉంది. నిన్నెవరూ దింపలేరు” అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడని అనుకుని బాధపడి వచ్చేశాను. వాడు నిజంగానే అసూయతో అన్నాడని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. గోడ మీద కాగితం కింద ఉన్నవాళ్లనే కాదు, పై పేరునీ కట్టిపడేసింది. వాడు రెండు వారాలూ తన కుర్చీ కాపాడుకున్నాడు. పక్కనున్న బాస్సూన్ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో వినే తీరిక వాడికి దొరికిందా అని ఇప్పటికీ అనుకుంటాను.

అటు వైపు మాటలు

నాకు సంగీతం వచ్చిన స్నేహితులు కొందరు ఈ అభిప్రాయంతో ఒప్పుకోరు. వాళ్లవి ఊరికే కొట్టిపారేసే మాటలు కావు.

ఒకటి, పోటీ లేకపోతే పిల్లలు ఎదగరు అంటారు. దీనికి నా దగ్గర తేలిగ్గా చెప్పే జవాబు లేదు, ఎందుకంటే నా జీవితమే వాళ్ల వైపు సాక్ష్యం చెప్తుంది. ఆ పదమూడు అనే అంకె తగిలాకే నేను ఇంటికొచ్చి, రోజూ అరగంట బ్రేక్ మీద కూర్చున్నాను. కుడి చేతి వేళ్లని ముందే మూసి ఉంచి, ‘ఏ’ నుంచి ‘బీ’కి ఒక్క అడుగే వెయ్యడం ఎవరో పెద్దవాళ్లు చూపించారు. నాలుగు నెలల్లో కీచుమనడం పోయింది. నాకు ఆరో కుర్చీనో ఏడో కుర్చీనో దొరికి ఉంటే అంత పంతం పట్టేదాన్నా? చెప్పలేను. అయితే నా పక్కన పద్నాలుగో కుర్చీలో ఉన్న అమ్మాయి మరుసటి ఏడాది రాలేదు. క్లారినెట్ మానేసిందని తర్వాత తెలిసింది. పదిహేడు బార్లు ఒక్కసారీ తప్పకుండా లెక్కపెట్టిన పిల్ల. అవమానం కొందరికి పంతం అవుతుంది, కొందరికి సెలవు చీటీ అవుతుంది. ఎవరికి ఏదవుతుందో మొదటి రోజు సాయంత్రం గోడ దగ్గర నిలబడి ఎవరు చెప్పగలరు? పంతం పట్టి ఎదిగినవాళ్లే మిగిలి, తర్వాత గురువులై, పోటీ మంచిదని చెప్తారు. మానేసినవాళ్ల మాట వినడానికి వాళ్లు మన మధ్య ఉండరు.

రెండోది, రేపు నిజమైన ఆర్కెస్ట్రాలో చేరాలంటే పరదా వెనక ఆడిషన్ ఉంటుంది కదా, ఇప్పుడే అలవాటు కానివ్వండి అంటారు. నిజమే, ఒక్క కుర్చీ కోసం చాలామంది వచ్చి వాయిస్తారు. కానీ అది జీతమిచ్చే కొలువు. వాయించడం వచ్చిన మనిషి కోసం వెతుకుతారు. శిబిరానికి పిల్లలొచ్చేది వాయించడం రావడానికి. పైగా ఆర్కెస్ట్రాల్లో సెకండ్ క్లారినెట్‌కి విడిగా ఆడిషన్ ఉంటుంది. కింది స్వరాల్ని వినపడీ వినపడనంత మెల్లగా మొదలుపెట్టగలగాలి, మొదటి క్లారినెట్ ఎటు వంగితే అటు శ్రుతి వంచగలగాలి. అది ఓడిపోయినవాళ్లకి మిగిలిన కుర్చీ కాదు, వేరే విద్య. అదొక విద్య అని తెలిసిన పెద్దవాళ్లే, పిల్లల దగ్గరికొచ్చేసరికి దాన్ని శిక్షలా ఎందుకు పంచుతారో నాకు అర్థం కాదు.

మూడోది, కుర్చీలు కదలాలంటే పోటీతోనే కదిలించొచ్చు అంటారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్‌లాకెన్‌లో జోసెఫ్ మాడీ 1928లో హైస్కూలు పిల్లల కోసం ఒక శిబిరం మొదలుపెట్టాడు. ఇలాంటి శిబిరాల్లో బాగా పేరున్నది అది. అక్కడ చాలాకాలం పాటు కుర్చీల కోసం పోటీలు జరిగేవి. పక్క పక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరూ ఒకే ముక్క వాయిస్తే, తోటి పిల్లలు వాళ్లని చూడకుండా విని చేతులెత్తి ఓటు వేసేవారు. కనీసం అక్కడ వరుస రాతిలో చెక్కినట్టు ఉండేది కాదని ఒప్పుకుంటాను. కానీ పక్కవాడు తప్పు చేస్తే నాకు లాభం అనిపించే చోట, పక్కవాడితో కలిసి ఒక గాంధారాన్ని రవ్వంత దించడం ఎలా నేర్చుకుంటాం?

నాలుగోది కండక్టర్ల కష్టం. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. రెండు వారాల్లో కచేరీ ఇవ్వాలి. సోలో పలికించగలిగే పిల్ల ఎవరో, బ్రేక్ దాటలేని పిల్ల ఎవరో తెలియకుండా ఎవరికి ఏ కాగితం ఇస్తారు? అందుకే ఆడిషన్ వద్దనలేను. విని తెలుసుకోండి. తెలుసుకున్నది మీ నోటుబుక్కులో ఉంచుకోండి. గోడకెందుకు?

నా వంతు వచ్చినప్పుడు

చెప్పడం తేలికే. చేసి చూసినప్పుడు నాకు దెబ్బ తగిలింది.

నేను నేర్పిన శిబిరంలో పన్నెండు మంది క్లారినెట్ పిల్లలు, నాలుగు పాటలు. కండక్టర్ గారిని బతిమాలి, మా సెక్షన్ వరకు ప్రతి పాటకీ కుర్చీలు మార్చేలా ఒప్పించాను. ఒక్కొక్కరికి కనీసం ఒక పాటలో ఫస్ట్ పార్ట్. కాగితం మీద చాలా న్యాయంగా ఉంది.

ఒక పదకొండేళ్ల అమ్మాయికి మూడో పాటలో ఫస్ట్ వచ్చింది. రిహార్సల్స్‌లో పది సార్లలో ఏడు సార్లు బ్రేక్ దాటేది. కచేరీలో దాటలేదు. పైగా అక్కడ ఫస్ట్ క్లారినెట్లు తప్ప ఎవరూ వాయించని చోటు. కీచుమన్న శబ్దం హాలు చివరి దాకా వినిపించింది. ఆ పిల్ల మిగతా పాటంతా మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని ఊదకుండా కూర్చుంది. కచేరీ అయ్యాక వాళ్లమ్మగారు వచ్చి, “దానికి రాదని మీకు తెలుసు కదండీ, అందరి ముందూ ఎందుకు నిలబెట్టారు?” అని అడిగారు. క్షమించమన్నాను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేకపోయింది. పదమూడో కుర్చీ బాధ తెలుసు కాబట్టి పిల్లలందర్నీ మొదటి కుర్చీ ఎక్కించాలనుకున్నాను. అంటే నేను కూడా మొదటి కుర్చీయే గొప్పదని నమ్ముతున్నానన్నమాట. ఆ సంగతి ఆ రాత్రి తట్టింది.

మరుసటి ఏడాది పద్ధతి మార్చాను. కింద ఉన్నవాళ్లని బలవంతంగా పైకి ఎక్కించలేదు. బాగా వాయించేవాళ్లని కిందికి దించాను. నాలుగు పాటల్లో రెండింటికి, మా సెక్షన్‌లో బలమైన ముగ్గురు థర్డ్ పార్ట్‌లో, కొత్త పిల్లల పక్కన కూర్చోవాలి. సోలోలు అడిగినవాళ్లకే, అదీ రిహార్సల్‌లో వరసగా నిలబెట్టుకున్నాకే.

మొదటి రోజు అందరికంటే బాగా వాయించే అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. “ఇందులో నాకు వాయించడానికేం లేదు మేడమ్” అన్నాడు. ఎనిమిది బార్ల పాటు సాగే ఒక కింది స్వరం చూపించి, దాన్ని మిగతా ముగ్గురితో కలిసి, ఎప్పుడు మొదలైందో తెలియనంత మెల్లగా మొదలుపెట్టమన్నాను. మొదటిసారి వాడి శబ్దం అందరికంటే ముందు, గట్టిగా, ‘టక్’మని పడింది. రెండోసారి అసలు పలకలేదు. అయిదో బార్‌లో ఊపిరి అయిపోయింది. అంత వేగంగా కదిలే వేళ్లున్న పిల్లాడికి, ఒక్క స్వరాన్ని కదలకుండా పట్టుకోవడం రాలేదు. పక్కన కూర్చున్న చిన్నపిల్ల వాడి వైపు తిరిగి, తను ఎక్కడ దొంగతనంగా ఊపిరి తీసుకుంటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూపించింది. వాడు ఆ గుర్తు తన కాగితం మీద కూడా వేసుకున్నాడు.

ఆ వారం చివరికి మా థర్డ్ క్లారినెట్ల శబ్దం మారిపోయింది. దానితో పైవాళ్ల శ్రుతి కూడా నిలిచింది, ఎందుకంటే కింద గట్టి నేల దొరికింది. పెదవులకీ మంచిదైంది. పై స్వరాలు వాయించేవాళ్లకి రోజులో రెండు పాటల పాటు విశ్రాంతి దొరికింది. నాలుగో రోజుకల్లా పెదవి వాచి కూర్చున్న పిల్ల ఆ ఏడాది ఒక్కరూ లేరు. ఇదంతా ఒకే ఒక్క వేసవి, ఒకే ఒక్క సెక్షన్. పెద్ద ఆర్కెస్ట్రాలో, ముప్ఫై మంది వయొలిన్లతో ఇలాగే నడుస్తుందని నేను రుజువు చెయ్యలేను. కచేరీలో ఒకటి రెండు చోట్ల ఫస్ట్ పార్ట్ పల్చగా వినిపించిన మాట కూడా నిజం. ఆ మాత్రం పోయినా ఫర్వాలేదని నాకనిపించింది. తల్లిదండ్రులు కొందరికి అనిపించకపోవచ్చు. వాళ్లకి ఏ కుర్చీ ఏమిటో ముందే కూర్చోబెట్టి చెప్పాలి. మేం ఆ పని చెయ్యలేదు. అది మా లోపమే.

వచ్చే ఏడాది పంపాలా వద్దా

స్నేహితురాలు అడిగిన అసలు ప్రశ్న ఇదే. పంపమన్నాను. కానీ ఏ శిబిరమో ఎంచుకునే ముందు వాళ్లని రెండు విషయాలు అడగమన్నాను. కుర్చీలు మధ్యలో మారతాయా? థర్డ్ పార్ట్‌లో బలమైన పిల్లలు ఎవరైనా కూర్చుంటారా? ఈ రెండో ప్రశ్నకి వాళ్లు తడుముకుంటే, అక్కడ థర్డ్ పార్ట్‌ని ఏమనుకుంటున్నారో తెలిసిపోతుంది. శిబిరం పేరు, కచేరీ హాలు, వచ్చే పెద్ద కళాకారులు, ఇవన్నీ తర్వాత.

నిన్న ఆ పిల్లని పెట్టెతో సహా రమ్మన్నాను. వచ్చింది, కానీ పెట్టె వాళ్లమ్మే మోసుకొచ్చింది. తెరిచి వాద్యం బిగించి, ఏదైనా ఒక కింది స్వరం పట్టుకోమన్నాను. గాలి ఎక్కువ, స్వరం తక్కువ. రీడ్ తీసి చూశాను. మూడున్నర.

“ఇదెక్కడిది?”

“అక్కడ ముందు వరుసలో అందరూ ఇదే వాడుతున్నారు పిన్నీ.”

“ఆడిషన్‌కి ఇదే పెట్టుకున్నావా?”

తలూపింది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కాసేపటికి నా పాత మూడో నంబరు రీడ్ కథ చెప్పాను. పూర్తిగా, పరదా దగ్గర “చాలమ్మా” అన్న మాటతో సహా.

పెట్టె అడుగున రెండున్నరవి నాలుగూ ఉన్నాయి, నేను చెప్పినట్టే. ఒకదాని అంచు విరిగింది. ఇంకోటి వంకర పోయింది. మూడోది తడిపి బిగించాం. పలికింది. తన థర్డ్ పార్ట్ కాగితం స్టాండ్ మీద పెట్టి, మొదటి ఎనిమిది బార్లు ఇద్దరం కలిసి వాయించాం. ఆరో బార్‌లో తనకి ఊపిరి చాల్లేదు. పెన్సిల్ అడిగింది.